గాలి మళ్లితే మిగులు.. లెక్క తప్పితే దిగులు

లారీ కేబిన్‌పై విండ్ డిఫ్లెక్టర్ బిగించే ముందు చూడాల్సినవి
మిర్చి, పత్తి లోడ్లకు ప్రయోజనం.. బండల లోడుకు భారం
ఘాట్ రోడ్డులో ఫలితం స్వల్పం

మార్కాపురం: లారీ సంపాదనలో సింహభాగం డీజిల్ ట్యాంకులోకే పోతోంది. కిరాయి పెరిగినా పెరగకపోయినా నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా కట్టక తప్పదు. టైర్లు, టోలు, బీమా, మరమ్మతులు వీటికి అదనం. ఇటువంటి పరిస్థితుల్లో లీటరుకు పావు కిలోమీటరు అదనంగా నడిచినా యజమానికి ఊరటే. ఈ ఆశతోనే పలువురు లారీ యజమానులు కేబిన్ పైకప్పుమీద విండ్ డిఫ్లెక్టర్లు బిగించుకుంటున్నారు. ముందు నుంచి వచ్చే గాలిని లోడు పైకి మళ్లించే ఏటవాలు రేకునే విండ్ డిఫ్లెక్టర్ అంటారు. ఫైబరుతో గానీ, ఇనుప లేదా అల్యూమినియం రేకుతో గానీ దీన్ని తయారు చేస్తారు. పెద్ద కంటెయినర్లను లాగే ట్రాక్టరు లారీల్లో కొన్నింటికి తయారీ సంస్థలే వీటిని అమర్చి ఇస్తున్నాయి. మిగిలినవారు బాడీ బిల్డింగ్ షెడ్లలోనో, విడిభాగాల దుకాణాల్లోనో కొని బిగించుకుంటున్నారు.

అయితే ఈ రేకు అన్ని లారీలకూ ఒకే ఫలితం ఇవ్వదు. సరైన లారీకి సరైన ఎత్తులో అమరిస్తే డీజిల్ ఆదా చేసే పరికరమే, సరిపడని లారీకి బిగిస్తే గాలికి అడ్డుగా నిలిచి డీజిల్‌ను అదనంగా తాగిస్తుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల నుంచి సాగే సరకు రవాణా తీరును పరిశీలిస్తే ఈ తేడా స్పష్టంగా అర్థమవుతుంది. ఇక్కడి నుంచి పలకరాయి, బండలు వంటి బరువైన సరకు వెళుతుంది. మిర్చి, పత్తి వంటి తేలికైన, ఎత్తుగా పేర్చే సరకూ వెళుతుంది. దారిలో చదును నేలా ఉంది, నల్లమల ఘాట్లూ ఉన్నాయి. కాబట్టి లోడు ఎత్తు, వేగం, రోడ్డు వాలు అనే మూడింటిని చూసిన తరవాతే రేకు కొనాలా వద్దా అన్నది నిర్ణయించుకోవాలి.

గాలి ఎలా అడ్డుకుంటుంది?

కదలని గాలి కంటికి కనిపించదు, చేతికి తగలదు. అదే గాలిలోంచి మోటారు సైకిలుపై వేగంగా వెళితే ఛాతీని వెనక్కి నెడుతున్నట్లు అనిపిస్తుంది. లారీ పరిస్థితీ అంతే. పైగా లారీ ముందుభాగం గోడలా చదునుగా ఉంటుంది. ఎదురొచ్చే గాలి కేబిన్ అద్దాన్ని తాకి పక్కలకు, పైకి చీలుతుంది. పైకి వెళ్లిన గాలి కేబిన్ కప్పు దాటగానే లోడు తాలూకు నిటారు ముఖం ఎదురవుతుంది. అక్కడ మరోసారి ఢీకొని ఆగుతుంది. కేబిన్ కన్నా మీటరు ఎత్తున బస్తాలు పేర్చిన లారీ ఒకే వేగంలో రెండు గోడలను గాలిలోకి నెట్టుకుంటూ వెళుతున్నట్లు లెక్క.

ఇవి కాక మరో రెండు నష్టాలున్నాయి. కేబిన్‌కు, బాడీకి మధ్య ఉన్న సందులో గాలి సుడులు తిరుగుతుంది. లారీ వెనక భాగంలో గాలి వెంటనే కలవలేక వెలితి ఏర్పడుతుంది. ఆ వెలితి లారీని వెనక్కి గుంజుతుంది. ధూళి రోడ్డుపై వెళ్లే లారీ వెనక దుమ్ము సుడులు తిరుగుతూ వెంటబడటానికి కారణం ఇదే. కేబిన్‌పై బిగించే రేకు మొదటి నష్టాన్ని బాగా తగ్గిస్తుంది. సందులో సుడులను కొంతవరకు అదుపు చేస్తుంది. వెనక ఏర్పడే వెలితిని మాత్రం ఏమీ చేయలేదు. అందువల్ల రేకు బిగిస్తే గాలి తాకిడి పూర్తిగా పోతుందన్న ప్రచారాన్ని నమ్మరాదు.

వేగం రెట్టింపైతే తాకిడి నాలుగింతలు

గాలి తాకిడి వేగంతోపాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే తాకిడి నాలుగింతలవుతుంది. ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. సరకుతో కలిపి 25 టన్నుల బరువున్న పది టైర్ల లారీని, దానిపై నేల నుంచి 3.8 మీటర్ల ఎత్తు వరకు పేర్చిన లోడును ఊహించుకుందాం. గాలికి ఎదురయ్యే ముఖం సుమారు 9 చదరపు మీటర్లు ఉంటుంది. భౌతికశాస్త్ర సూత్రం ప్రకారం లెక్కిస్తే గంటకు 40 కి.మీ. వేగంలో గాలి ఈ లారీని దాదాపు 55 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. 60 కి.మీ. వేగంలో ఆ బలం 120 కిలోలు దాటుతుంది. 80 కి.మీ. చేరేసరికి 215 కిలోలు మించుతుంది.

దీన్ని లారీ ఎదుర్కొనే మిగతా భారాలతో పోల్చి చూడాలి. టైర్లు నేలమీద దొర్లేటప్పుడు నలిగి వెనక్కి లాగే బలం ఇదే లారీకి సుమారు 200 కిలోలు ఉంటుంది. ఇది వేగంతో పెద్దగా మారదు. అంటే చదును రోడ్డుపై 40 కి.మీ. వేగంలో గాలి వాటా దాదాపు ఐదోవంతు. 60 కి.మీ.లో మూడోవంతు దాటుతుంది. 80 కి.మీ.లో సగానికి చేరుతుంది.

ఇప్పుడు రేకు వల్ల గాలి తాకిడి 15 శాతం తగ్గిందనుకుందాం. ఎత్తు సరిగ్గా కుదిరితే ఇది ఆశించదగిన ఫలితమే. 40 కి.మీ. వేగంలో లారీ మొత్తం భారంలో తగ్గేది 3 శాతం. 60 కి.మీ.లో 5 శాతానికి పైగా, 80 కి.మీ.లో 8 శాతానికి దగ్గరగా తగ్గుతుంది. ఇంజిను, గేర్లలో జరిగే నష్టాలు వేరుగా ఉంటాయి కనుక డీజిల్ బిల్లులో కనిపించే ఆదా ఇంతకన్నా కొంత తక్కువగానే ఉంటుంది. సగం ఖర్చు మిగులుతుందని ఎవరైనా చెబితే అది కేవలం అమ్మకపు మాట.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ఖరారు చేసిన వేగ పరిమితుల ప్రకారం సరకు వాహనాలు డివైడరు ఉన్న నాలుగు వరుసల రహదారులపై గంటకు 80 కి.మీ., ఇతర రోడ్లపై 60 కి.మీ. మించరాదు. 12 టన్నులకు పైబడిన డీజిల్ వాహనాలకు 2017 ఆగస్టులో ప్రకటించిన ఇంధన ప్రమాణాల్లోనూ లారీలను 40, 60 కి.మీ. స్థిర వేగాల వద్దే పరీక్షించాలని నిర్దేశించారు. మన లారీలు నడిచే వేగం ఇదే కాబట్టి విదేశాల్లో వంద కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే వాహనాలకు వచ్చే లాభాన్ని ఇక్కడ ఆశించడం సరికాదు.

సైకిలు తొక్కిన ఇంజినీరుకు తట్టిన ఆలోచన

లారీలకు గాలి తాకిడి తగ్గించే ప్రయత్నాలు అమెరికాలో 1973 చమురు సంక్షోభం తరవాత ఊపందుకున్నాయి. కాలిఫోర్నియాలోని నాసా విమాన పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజినీరు సైకిలుపై కార్యాలయానికి వెళ్లేవారు. పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడల్లా గాలి ముందు ఒకవైపు నెట్టి, వెంటనే మరోవైపు గుంజడాన్ని ఆయన గమనించారు. అంత గాలిని కదిలించడానికి ఎంత ఇంధనం వృథా అవుతోందన్న ఆలోచన పరిశోధనకు దారితీసింది. సాల్ట్‌జ్‌మన్ బృందం ఒక వ్యానుకు చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి దాన్ని అగ్గిపెట్టెలా మార్చింది. ఆ తరవాత మూలలను ఒక్కొక్కటిగా గుండ్రం చేస్తూ రోడ్డుపై పరీక్షించింది. ముందువైపు అంచులన్నీ గుండ్రంగా మలిచేసరికి గాలి తాకిడి దాదాపు సగానికి పడిపోయింది.

ఈ ప్రయోగం నేర్పే పాఠం మన లారీలకూ పనికొస్తుంది. గాలికి పదునైన అంచు గిట్టదు. అంచు వద్ద గాలి మలుపు తిరగలేక విడిపోయి సుడులుగా మారుతుంది. గుండ్రటి మలుపు ఉంటే ఉపరితలాన్ని అంటిపెట్టుకుని సాఫీగా జారిపోతుంది. అందుకే చదునైన రేకును అడ్డంగా నిలబెట్టడం కన్నా చేటలా వంపు తిరిగిన ఫైబరు డిఫ్లెక్టర్ మేలు. పక్క అంచులు కూడా వెనక్కి వంగి ఉంటే ఇంకా మంచిది.

మిర్చికి ఒక లెక్క.. బండలకు ఒక లెక్క

పశ్చిమ ప్రాంత లారీల విషయానికి వస్తే లోడు రకమే నిర్ణయాత్మకం. ఎండుమిర్చి, పత్తి, పశుగ్రాసం వంటివి తేలికైనవి. టన్నేజీ నిండకముందే ఎత్తు నిండిపోతుంది. గుంటూరు యార్డుకు మిర్చి బస్తాలతో వెళ్లే లారీల్లో లోడు కేబిన్ కప్పును మించి నిలుస్తుంది. కరవు రోజుల్లో డెల్టా నుంచి వచ్చే వరిగడ్డి లారీల సంగతి చెప్పనక్కర్లేదు. ఇటువంటి వాటికి, కంటెయినరు మాదిరి మూసిన బాడీ ఉన్న లారీలకు విండ్ డిఫ్లెక్టర్ నిజంగా ఉపయోగపడుతుంది.

పలకరాయి, బండల లారీల తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. ఘన మీటరు పలకరాయి 2.7 టన్నులకు అటూఇటూగా తూగుతుంది. 16 టన్నుల రాయి అంటే సుమారు 6 ఘన మీటర్లు మాత్రమే. ఏడు మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు ఉన్న బాడీలో దాన్ని సందులు లేకుండా పరిస్తే ఎత్తు 40 సెంటీమీటర్లు కూడా ఉండదు. బండలను నిలువుగా పేర్చి, మధ్యలో సందులు, గడ్డి వదిలినా బాడీ గోడలను దాటదు. కేబిన్ వెనక గాలికి అడ్డుపడే గోడే లేనప్పుడు గాలిని మళ్లించాల్సిన అవసరమే లేదు.

అటువంటి లారీపై 2.2 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న రేకును నిలిపితే గాలికి ఎదురయ్యే ముఖం ఒకటిన్నర చదరపు మీటర్లు పెరుగుతుంది. కేబిన్ ముఖం సుమారు 7 చదరపు మీటర్లని భావిస్తే ఇది ఐదోవంతు అదనం. అంటే డబ్బిచ్చి గాలికి అడ్డు కొనుక్కున్నట్లవుతుంది. బండలు తీసుకెళ్లి ఖాళీగా తిరిగొచ్చే లారీలకు రానుపోను రెండు వైపులా నష్టమే. అందం కోసం బిగించుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఒక సీజనులో మిర్చి, మరో సీజనులో బండలు వేసే లారీలు ఎక్కువ. వీటికి స్థిరంగా బిగించే రేకు కన్నా బోల్టులు వదులు చేసి వాల్చుకునే వీలున్న రకం, లేదా పూర్తిగా విప్పి పక్కన పెట్టుకునే రకం అనుకూలం.

కేబిన్‌పై ఉండే సామాన్ల క్యారియర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. తాళ్లు, పట్టాలు, స్టెప్నీ టైరు, వంట సామగ్రి అందులో చిందరవందరగా పడేస్తే గాలి వాటిలో చిక్కుకుంటుంది. లోడు తక్కువ ఎత్తులో ఉన్న లారీలకు రేకు కొనడం కన్నా ఆ క్యారియర్ ఖాళీ చేయడమే ముందు చేయాల్సిన పని. దానికి పైసా ఖర్చు కాదు.

ఘాట్‌లో డీజిల్ తాగేది గాలి కాదు

అనంతపురం నుంచి తాడిపత్రి, గిద్దలూరు, కంభం, వినుకొండ మీదుగా గుంటూరు వెళ్లే 544డి జాతీయ రహదారి ఈ ప్రాంత సరకు రవాణాకు వెన్నెముక. గాజులపల్లె, గిద్దలూరు మధ్య ఇది నల్లమలను దాటుతుంది. హైదరాబాద్ వైపు వెళ్లే లారీలు దోర్నాల, శ్రీశైలం ఘాట్ ఎక్కుతాయి. కర్నూలు వైపు వెళ్లేవి దోర్నాల నుంచి ఆత్మకూరు వరకు అడవి దారిన సాగుతాయి.

వంద మీటర్లకు 5 మీటర్లు ఎత్తు పెరిగే వాలుపై మన 25 టన్నుల లారీని భూమి 1,250 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. అక్కడ లారీ వేగం 25 కి.మీ. దాటదనుకుంటే గాలి తాకిడి కేవలం 21 కిలోలు. రేకు ఎంత గొప్పదైనా అందులో తగ్గించేది మూడు కిలోలే. 1,250 కిలోల ముందు మూడు కిలోలు లెక్కలోకే రావు. కాబట్టి రోజువారీ తిరుగుడు ఘాట్లలోనే ఉండే లారీలకు విండ్ డిఫ్లెక్టర్‌పై పెట్టే సొమ్ము తిరిగి రావడం కష్టం. అక్కడ డీజిల్ మిగిల్చేవి పరిమితికి లోబడిన బరువు, సకాలంలో గేరు మార్చడం, దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలకుండా గేరులోనే దించడం. న్యూట్రల్‌లో దించితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పే ప్రమాదమూ ఉంది.

చదునుగా సాగే మార్కాపురం, తోకపల్లి, వినుకొండ మార్గంలో, అక్కడి నుంచి కోస్తా జాతీయ రహదారుల్లో పరిస్థితి వేరు. వేగం నిలకడగా 50, 60 కి.మీ. మధ్య ఉంటుంది. ఇక్కడ ఎత్తయిన లోడు లారీకి రేకు ప్రయోజనం అందుతుంది. సి.ఎస్.పురం, మర్రిపూడి మీదుగా రూపొందుతున్న బెంగళూరు-విజయవాడ ఆరు వరుసల రహదారి వంటివాటిపై మధ్యలో ఆగకుండా దూర ప్రయాణాలు చేసే లారీలకు ఈ ప్రయోజనం మరింత పెరుగుతుంది.

ఎత్తు కుదరడమే కీలకం

రేకు ఉన్నంత మాత్రాన సరిపోదు. దాని పై అంచు నుంచి జారిన గాలి లోడు పై అంచును రాసుకుంటూ వెళ్లాలి. రేకు మరీ తక్కువగా ఉంటే గాలి లోడు ముఖానికే తగులుతుంది. మరీ ఎత్తుగా ఉంటే రేకే కొత్త అడ్డవుతుంది. కేబిన్‌కు, లోడుకు మధ్య దూరం పెరిగేకొద్దీ గాలి కిందికి వంగి మళ్లీ లోడు ముఖాన్ని తాకుతుంది. అందువల్ల సందు వీలైనంత తక్కువగా ఉంచాలి.

సరిచూసుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. లోడు వేసి పట్టా బిగించాక కేబిన్ కప్పు ముందు అంచు నుంచి లోడు పై అంచు వరకు ఒక తాడు బిగుతుగా లాగాలి. రేకు వంపు ఆ తాడు వాలును దాదాపు అనుసరిస్తూ, పై అంచు తాడుకు దగ్గరగా రావాలి. ఇది తొలి అంచనా మాత్రమే.

రెండో పరీక్ష నూలు పోగులతో. జానెడు పొడవున్న ఉన్ని పోగులను లోడు ముందు ముఖంపైన, పై అంచున టేపుతో వరుసగా అంటించాలి. ట్రాఫిక్ లేని చోట మరో వాహనంలో పక్కగా వెళుతూ వేరొకరు సెల్‌ఫోనులో చిత్రీకరించాలి. పై అంచున పోగులు వెనక్కి వాలి నిలకడగా ఉంటే గాలి సాఫీగా వెళుతున్నట్లు. అన్ని దిక్కులకూ కొట్టుకుంటే సుడులు తిరుగుతున్నట్లు. పది సెంటీమీటర్ల చొప్పున ఎత్తు మార్చి మళ్లీ చూడాలి.

మూడో సాక్ష్యం లారీయే చెబుతుంది. రాత్రి ప్రయాణం తరవాత పట్టా ముందు భాగాన్ని పరిశీలిస్తే పురుగుల మరకలు, దుమ్ము చారలు ఒకచోట గుమిగూడి కనిపిస్తాయి. గాలి నేరుగా కొడుతున్నది అక్కడే. మరకలు లోడు ముఖం మధ్యలో ఉంటే రేకు ఎత్తు చాలడం లేదని అర్థం. పై అంచుకు పరిమితమైతే దాదాపు కుదిరినట్లు.

పక్కగాలి వీచే రోజుల్లో రేకు సత్తా తగ్గుతుంది. గాలి ఎదురుగా కాక ఏటవాలుగా వచ్చి కేబిన్, బాడీ మధ్య సందులోకి చొరబడటమే ఇందుకు కారణం. ఒకటి రెండు రోజుల మైలేజీ చూసి మంచీచెడూ తేల్చరాదనడానికి ఇదీ ఒక హేతువే.

బిగింపులో అజాగ్రత్త పనికిరాదు

డీజిల్ ఆదా కన్నా ముఖ్యమైనది రోడ్డుపై వెళ్లేవారి ప్రాణం. వదులైన రేకు ఊడి వెనక వస్తున్న ద్విచక్ర వాహనదారుడిపై పడితే జరిగే అనర్థం ఊహించవచ్చు. లారీ 80 కి.మీ. వేగంలో ఉండగా 40 కి.మీ. ఎదురుగాలి తోడైతే చదరపు మీటరు రేకుపై పడే బలం 70 కిలోలకు చేరువవుతుంది. ఒకటిన్నర చదరపు మీటర్ల రేకుకు అది వంద కిలోలు. ఒక బస్తా మిర్చిని కాదు, రెండు బస్తాలను రేకుకు వేలాడదీసినా తట్టుకునేలా బిగింపు ఉండాలి.

కేబిన్ పైకప్పు పలుచని రేకు. దానికే రంధ్రాలు పెట్టి బోల్టులు బిగిస్తే అదురుడుకు చిరుగుతుంది, వానాకాలంలో నీరు కారి తుప్పు పడుతుంది. లోపలి ఫ్రేము పట్టీలకు అందేలా బ్రాకెట్లు అమర్చాలి. వెడల్పాటి వాషర్లు, అదురుడుకు వదులు కాని నైలాక్ నట్లు, మధ్యలో రబ్బరు ముక్కలు వాడాలి. మొదటి వంద కిలోమీటర్ల తరవాత ఒకసారి, ఆ తరవాత ప్రతి గ్రీజింగు సమయంలో నట్లు తనిఖీ చేయాలి.

వెల్డింగు చేయాల్సి వస్తే ముందుగా బ్యాటరీ తీగలు విప్పేయాలి. కొత్త తరం లారీల్లో ఇంజిను నియంత్రణ అంతా ఎలక్ట్రానిక్ యూనిట్ ద్వారానే సాగుతుంది. వెల్డింగు విద్యుత్తు అందులోకి ప్రవేశిస్తే రేకుతో మిగిలే డీజిల్ సొమ్ము కన్నా ఆ మరమ్మతు ఖర్చే ఎక్కువవుతుంది. కేబిన్‌ను ముందుకు వంచి ఇంజిను చూసే రకం లారీల్లో రేకు అందుకు అడ్డు రాకూడదు. పైకప్పు దీపాలను, గాలి కిటికీని కప్పేయకూడదు.

రేకు ఎత్తు లోడు ఎత్తును మించితే గ్రామాల్లో కిందికి వేలాడే విద్యుత్తు తీగలు, రైలు పట్టాల కింది వంతెనలు ముప్పు తెచ్చిపెడతాయి. గుంటూరు-నంద్యాల రైలు మార్గాన్ని దాటే దారుల్లో తిరిగే లారీల డ్రైవర్లు తమ లారీ కొత్త ఎత్తును కేబిన్‌లో కనిపించేలా రాసి ఉంచుకోవడం మేలు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనంలో మార్పులు చేయరాదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. విండ్ డిఫ్లెక్టర్ వంటి అదనపు అమరిక వాహనం నమోదిత ఎత్తును దాటకుండా, లైట్లకు, నంబరుకు అడ్డు రాకుండా ఉండాలి. తయారీ సంస్థ తన మోడలుకు ఆమోదించిన డిఫ్లెక్టర్ ఉంటే దానికే ప్రాధాన్యం ఇవ్వడం ఉత్తమం. బయట చేయించేవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో సంప్రదిస్తే ఫిట్‌నెస్ తనిఖీ సమయంలోనూ, ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం కోరే సమయంలోనూ చిక్కులు తలెత్తవు.

ఖర్చు లేని ఆదా ముందు

రేకు కొనడానికి ముందే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. గాలి తాకిడి వేగంపై ఆధారపడి ఉంటుంది కనుక 80 కి.మీ. నుంచి 60కి తగ్గితే తాకిడి 44 శాతం పడిపోతుంది. ఇది ఏ రేకూ ఇవ్వలేని లాభం. గంటకు 45 నుంచి 55 కి.మీ. వేగంలో వాహనాలు ఎక్కువ మైలేజీ ఇస్తాయని పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం ఏళ్లుగా చెబుతూ వస్తోంది.

లోడుపై పట్టాను బిగుతుగా కట్టడం మరో ముఖ్యమైన పని. వదులైన పట్టా గాలికి టపటపా కొట్టుకుంటూ బ్రేకు వేసినట్లు పనిచేస్తుంది. తాళ్లు తెగి సరకు తడిసే ప్రమాదమూ ఉంటుంది. బస్తాలు పేర్చేటప్పుడు ముందు వరుసను నిటారుగా కాక మెట్లుగా వెనక్కి తగ్గిస్తూ పేర్చి, పైన పట్టా లాగితే లోడే డిఫ్లెక్టర్ ఆకారం పొందుతుంది. హమాలీలకు ముందుగా చెప్పి చేయించుకుంటే ఇందుకు అదనపు ఖర్చు ఉండదు. టైర్లలో గాలి తగ్గితే 200 కిలోల రాపిడి మరింత పెరుగుతుంది. అందుకే వారానికోసారి గాలి చూపించడం తప్పనిసరి.

పికప్ వాహనాలకూ ఇదే సూత్రం

కూరగాయలు, పాలు, కోళ్లు రవాణా చేసే పికప్‌లు, మినీ వ్యాన్లకు కూడా ఈ లెక్కలే వర్తిస్తాయి. పికప్ వెనక కేబిన్ కన్నా ఎత్తయిన మూసిన పెట్టె ఉంటే గాలి ఆ పెట్టె ముందు గోడను తాకుతుంది. అమెరికా వంటి దేశాల్లో పికప్‌లపై నివాసపు గదిని మోసుకుంటూ యాత్రలు చేసేవారు కూడా ఇదే ఇబ్బంది తీర్చుకోవడానికి కేబిన్‌పై డిఫ్లెక్టర్లు అమర్చుకుంటారు. చిన్న వాహనం బరువు తక్కువ కాబట్టి టైర్ల రాపిడి తక్కువ. అందువల్ల వేగంగా వెళ్లినప్పుడు మొత్తం భారంలో గాలి వాటా లారీలో కన్నా ఎక్కువగా ఉంటుంది. ఊళ్ల మధ్య ఆగుతూ, 30, 40 కి.మీ. వేగంతో తిరిగే వాటికి మాత్రం ఇది అనవసరపు ఖర్చు.

పెట్టిన సొమ్ము తిరిగొస్తుందా?

లీటరుకు 4 కి.మీ. ఇచ్చే లారీ చదును దారిలో ఎత్తయిన లోడుతో 600 కి.మీ. తిరిగితే 150 లీటర్ల డీజిల్ ఖర్చవుతుంది. 4 శాతం ఆదా అయితే మిగిలేది 6 లీటర్లు. లీటరు వంద రూపాయలకు అటూఇటూగా లెక్కిస్తే ఒక ట్రిప్పుకు రూ.600. నెలకు ఇటువంటి ట్రిప్పులు ఎనిమిది పడితే రూ.4,800. రేకు, బిగింపు కలిపి అయిన ఖర్చును ఈ మొత్తంతో భాగిస్తే ఎన్ని నెలల్లో సొమ్ము తిరిగొస్తుందో తెలుస్తుంది. నెలకు ఒకటి రెండు ట్రిప్పులే ఎత్తయిన లోడువి అయితే లెక్క ఏళ్లకు పాకుతుంది.

ఫలితాన్ని నోటిమాటగా కాక కాగితంపై తేల్చుకోవాలి. ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, ట్రిప్పు ముగిశాక అదే బంకులో మళ్లీ నిండా పోయించి కిలోమీటర్లను లీటర్లతో భాగించాలి. రేకు లేకుండా ఐదు ట్రిప్పులు, రేకుతో ఐదు ట్రిప్పులు చూడాలి. డ్రైవరు, దారి, లోడు, టైర్లలో గాలి రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉండాలి. ఒక్క ట్రిప్పు ఫలితంలో ఎదురుగాలి, ట్రాఫిక్, చెక్‌పోస్టు వద్ద ఇంజిను ఆపకుండా నిలిపిన సమయం అన్నీ కలిసిపోతాయి.

కొనేముందు ఇవి చూసుకోండి

* నెలలో సగానికి పైగా ట్రిప్పుల్లో లోడు కేబిన్ కప్పు కన్నా ఎత్తుగా ఉంటుందా? ఉండకపోతే రేకు వద్దు.
* దారిలో ఎక్కువ భాగం 50 కి.మీ.కు పైగా నిలకడ వేగంతో సాగుతుందా? ఘాట్లే ఎక్కువైతే ప్రయోజనం నామమాత్రం.
* లోడు లేనప్పుడు వాల్చుకునే వీలున్న రకమా? అన్ని రకాల సరకు వేసే లారీకి అదే మేలు.
* బిగింపు కేబిన్ ఫ్రేముకా, పైకప్పు రేకుకా? ఫ్రేముకే ఉండాలి.
* వాహనం నమోదిత ఎత్తు దాటుతోందా? రవాణా శాఖను ముందుగా సంప్రదించాలి.
* పట్టా బిగింపు, టైర్లలో గాలి, వేగం ఇప్పటికే సరిగ్గా ఉన్నాయా? లేకుంటే తొలి ఆదా అక్కడే ఉంది.